మూడో రాత్రికే పారిస్ మీద విరక్తి పుట్టినవాళ్ళకి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ళు జీతంలోంచి మిగిల్చి, ఎవరి తోడూ లేకుండా, వారం రోజులకి పారిస్ వెళ్ళారు. ఆదివారం దిగారు. సోమవారం లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ముందు అర నిమిషం, అదీ ముందువాళ్ళు ఎత్తిపట్టిన ఫోన్ల సందుల్లోంచి. మంగళవారం సాక్రే కర్ చర్చి మెట్ల కింద ఒకడు మీ మణికట్టుకి రంగుదారం కట్టేసి 20 యూరోలు లాగాడు. ఆ సాయంత్రం త్రొకదేరో కూడలిలో జల్లు, గొడుగులు, సగం మబ్బులో మునిగిన ఐఫెల్ టవర్. బుధవారం కెఫేలో వెయిటర్ మిమ్మల్ని మనిషిలా చూడలేదు, నలభై నిమిషాలు కూర్చోబెట్టి బిల్లు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు గార్ దు నోర్ స్టేషన్ పక్క హోటల్ గదిలో చిప్స్ తింటూ ఇదంతా రాస్తున్నారు. అమ్మ ఫోన్ చేసి "ఎలా ఉందే?" అంటే "సూపర్ అమ్మా" అనేశారు. అడిగినవి మూడు: ఊహించుకున్న ఊరు కనబడక మనసు చెదిరిపోతుందంటారే, ఆ పారిస్ సిండ్రోమేనా ఇది, టికెట్ మార్చుకుని ముందే వెళ్ళిపోనా, అసలు ఒంటరిగా రావడమే తప్పా.

నేను పదకొండేళ్ళు ఆ ఊళ్ళో కాపురం ఉన్నాను. చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అంటూ తిప్పి చూపించినవాళ్ళ లెక్క తీస్తే నలభై యాభై మంది తేలతారు. మూడో రోజు ముఖం వేలాడేసుకోనివాళ్ళు వాళ్ళలో బహు తక్కువ. మొదటి రోజు ఉత్సాహంతో గడిచిపోతుంది, రెండో రోజు పంతంతో గడుస్తుంది, మూడో రోజుకి కాళ్ళు మొరాయిస్తాయి. కాబట్టి మీకొక్కరికే ఇలా అయిందని కుమిలిపోకండి.

సిండ్రోమ్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పేరు పెట్టింది పారిస్‌లో పనిచేసిన హిరోఆకి ఓటా అనే జపాన్ మానసిక వైద్యుడు, 1980లలో. 2004లో ఆయన, తోటి వైద్యులు కలిసి అచ్చువేసిన వ్యాసంలో లెక్క ఉంది: 1988 నుంచి 2004 దాకా ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిన జపాన్ యాత్రికులు 63 మంది. పదహారేళ్ళకి అరవై ముగ్గురు! వాళ్ళలోనూ చాలామందికి అప్పటికే మానసిక అనారోగ్యం ఉంది. భ్రమలు, ఎవరో వెంటపడుతున్నారన్న భయం, అదీ వాళ్ళ బాధ. వెయిటర్ మొహం చిట్లించాడని ఏడుపు రావడానికి అంత పెద్ద పేరు అక్కర్లేదు. ఒకవేళ వరసగా రాత్రుళ్ళు నిద్రే పట్టకపోయినా, నలుగురూ మిమ్మల్నే చూస్తున్నట్టు అనిపించినా అది వేరే విషయం. అప్పుడు ఇంట్లో నిజం చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీరు రాసినదాంట్లో నాకు అదేమీ కనబడలేదు. కనబడిందల్లా ఖాళీ కడుపు.

టికెట్ మార్చుకోవడం గురించి రేపు మధ్యాహ్నం భోజనం చేశాక ఆలోచించండి. రాత్రి పదింటికి, చిప్స్ ప్యాకెట్ పక్కన పెట్టుకుని విమానం టికెట్లు వెతకొద్దు. నిజంగా వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళిపోవడంలో అవమానం ఏమీ లేదు, నేనేమీ అనుకోను. ఆ నిర్ణయం అన్నం తిన్న మనిషి తీసుకోవాలి, అంతే.

ఇక మోనాలిసా. ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. గోడకి తగిలించే పెద్ద క్యాలెండరంత. తూటాలు దిగని అద్దం వెనక, దగ్గరికి పోనివ్వని కంచె అవతల ఉంటుంది. 2024లో ఆ మ్యూజియానికి 87 లక్షల మంది వచ్చారు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కాళ్ళు ముందు ఆ గదివైపే నడుస్తాయి. మీరు పడ్డ ఇబ్బంది మీ ఊహ కాదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ బొమ్మకి విడిగా గది కట్టి, విడిగా టికెట్ పెడతామని 2025 జనవరిలో అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించాడు. ఇంకో తమాషా ఏమిటంటే, 1911లో దాన్ని ఒక పనివాడు దొంగిలించుకుపోతే, ఖాళీ గోడ చూడ్డానికి జనం వరసలు కట్టారు. రెండేళ్ళ తర్వాత ఇటలీలో దొరికిందనుకోండి. ఆ ఖాళీ గోడ చూసి వెళ్ళినవాళ్ళు కూడా ఇంటికెళ్ళి "సూపర్" అనే చెప్పి ఉంటారు.

నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న ఒకటుంది. తిరుమలలో గర్భగుడి ముందు మనకి దొరికేది ఎంతసేపు? "జరగండి, జరగండి" అని భుజం పట్టి లాగేస్తారు. ముందున్న మనిషి పొడుగైతే అదీ లేదు. అయినా బయటికొచ్చి "ఇంతేనా" అన్నవాళ్ళని నేను చూడలేదు. లూవ్ర్‌లోనూ అంతే సేపు, అంతే తోపులాట. అక్కడ మాత్రం కడుపులో ఏదో కుంగిపోయినట్టు ఉంటుంది. భక్తి ఉంది కాబట్టి అంటారు, సరే. కానీ అదొక్కటే కాదనుకుంటాను. కొండకి వెళ్ళేవాళ్ళకి దర్శనం గర్భగుడిలో మొదలవదు. అలిపిరి మెట్ల దగ్గర మొదలవుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసం, క్యూలో పక్కావిడ పిల్ల పెళ్ళి కబుర్లు, గుండు మీద చల్లటి గాలి, చేతికి జిడ్డంటే లడ్డూ. ఆ రెండు క్షణాల చుట్టూ రెండు రోజులు అల్లుకుని ఉంటాయి. మీరేం చేశారు? దాదాపు 35,000 వస్తువులు ప్రదర్శనకి పెట్టిన భవనంలోకి వెళ్ళి, బాణం గుర్తులు పట్టుకుని, దారిలో ఏదీ చూడకుండా నేరుగా గర్భగుడికి నడిచి, ఫోటో తీసుకుని, కాళ్ళు నొప్పులని బయటికొచ్చేశారు. కొండ ఎక్కలేదు, లడ్డూ తినలేదు. టవరూ అంతే, సాక్రే కరూ అంతే. మూడు రోజుల్లో మూడు దర్శనాలు.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చింది, ఆవిడకి మోనాలిసా ఎవరో కూడా సరిగ్గా తెలీదు. గుంపులోంచి ఎలాగో ముందుకి తోసుకెళ్ళి చూసింది. "ఇంతేనటే?" అంది పైకే. అని వెనక్కి తిరిగింది. ఆ గదిలో మోనాలిసాకి ఎదురు గోడ నిండా ఒక పెళ్ళి బొమ్మ ఉంది, దాదాపు అందరూ దానికి వీపు పెట్టే నిలబడతారు. వెరోనీజ్ అనే చిత్రకారుడు 1563లో వెనిస్‌లో ఒక మఠం భోజనశాల కోసం గీసింది, 1797లో నెపోలియన్ సైన్యం ఎత్తుకొచ్చింది. 6.77 మీటర్ల ఎత్తు, 9.94 మీటర్ల వెడల్పు. ఆ మ్యూజియంలో అంతకంటే పెద్ద చిత్రం లేదు. పెద్దమ్మ దాని ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయింది. "ఓసి, ఈ పెళ్ళి చూడవే! వడ్డించేవాళ్ళే ఎంతమందో! ఇంతకీ పెళ్ళికూతురేదే?" వెతికాం. ఎడమ చివర, బల్ల కొసన ఒదిగి కూర్చుని ఉంది, పక్కనే పెళ్ళికొడుకు. "మన దగ్గరా అంతేగా, భోజనాల వేళ వాళ్ళ ముఖం చూసేదెవరు," అంది. తర్వాత కుక్కల్ని లెక్కపెట్టింది. కుడివైపు కూజా గీరుతున్న పిల్లిని కూడా పట్టుకుంది. అరగంట గడిచింది. ఆ రోజు ఇంకేమీ చూపించనివ్వలేదు, చాలు పద అంది. ఇంటికెళ్ళి ఊరందరికీ చెప్పుకున్నది ఆ పెళ్ళి గురించే.

మీ వెయిటర్ దగ్గరికి వస్తాను. ఇక్కడ మీకు నిజంగా అన్యాయం జరిగిందో లేదో నేను అక్కడ లేను కాబట్టి చెప్పలేను. పారిస్‌లో పొగరుబోతు వెయిటర్లకి కొరతేమీ లేదు. కానీ మీరు రాసిన రెండు ముక్కల్లో నాకు వేరే కథ కనబడుతోంది. లోపలికి వెళ్ళి, ఖాళీ బల్ల చూసుకుని కూర్చుని, ఆయన రాగానే ఇంగ్లీషులో మెనూ అడిగానన్నారు. అక్కడ "బోంజూర్" అనకుండా మాట మొదలుపెట్టడమంటే, చెప్పులతో వాళ్ళ నట్టింట్లోకి నడిచి రావడమే. కొట్లోకి అడుగుపెట్టినా, బస్సెక్కినా, దారి అడిగినా, ముందు ఆ ఒక్క మాట పడాలి. చీకటి పడితే "బోంసువార్". పక్కన మదామ్ అనో ముస్యూ అనో తగిలిస్తే ఇంకా మంచిది. దాని తర్వాత ఇంగ్లీషులోకి దిగినా ఎవరూ ఏమీ అనుకోరు. నేను వెళ్ళిన కొత్తలో మా వీధి రొట్టెల కొట్టావిడకి నేనంటే పడదని ఆర్నెల్లు అనుకున్నాను. వేలు చూపించి "అదొకటి" అనేదాన్ని. ఒకరోజు ఎవరినో చూసి గుమ్మంలోనే గట్టిగా బోంజూర్ మదామ్ అన్నాను. ఆవిడ ముఖంలో దీపం వెలిగింది. తర్వాత నాకు బాగా కాలిన రొట్టె ఇష్టమని గుర్తుపెట్టుకుని పక్కన పెట్టేది.

ఇక బిల్లు. మన దగ్గర తినడం అవగానే బిల్లు తెస్తే చురుకైనవాడంటాం. అక్కడ అడక్కుండా బిల్లు తెచ్చి పెడితే "ఇక లేవండి" అన్నట్టు. మీరు నలభై నిమిషాలు అవమానంతో ఉడికిపోతూ కూర్చున్నారు, ఆయన మీకు మర్యాద చేస్తున్నాననుకుని ఉంటాడు! కన్ను కలిపి, "లాడిసియోఁ, సిల్ వూ ప్లే" అంటే రెండు నిమిషాల్లో వస్తుంది. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు ఇవ్వకపోయినా తప్పేమీ కాదు. "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా తెచ్చి పెట్టాలి. ఒట్టి నీళ్ళు అంటే మాత్రం సీసా తెరిచి డబ్బులు వేస్తారు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర, అది బోర్డు మీద రాసే ఉంటుంది.

ఆకలి అన్నాను కదా, అది ఊరికే అన్నది కాదు. నేను తిప్పినవాళ్ళ ఏడుపుల్లో సగం మధ్యాహ్నం మూడూ నాలుగు మధ్య వచ్చినవే. అక్కడ చాలా హోటళ్ళలో వంటగది రెండు, రెండున్నరకి కట్టేస్తారు, మళ్ళీ తెరిచేది ఏడు దాటాకే. మనవాళ్ళు ఇంకొక్కటి చూసి తిందాం, ఇంకొక్కటి చూసి తిందాం అనుకుంటూ మూడింటికి బల్ల వెతుక్కుంటారు. అప్పుడు దొరికేది గుంపులు తిరిగే చోట, ఆరు భాషల్లో మెనూ పెట్టిన హోటల్లో, రెట్టింపు ధరకి, చల్లారిన తిండి. అది తిని "ఫ్రెంచి తిండి ఇదేనా" అంటారు. పన్నెండున్నరకల్లా కూర్చోండి. మధ్యాహ్నం పూట నల్లపలక మీద ఆ రోజు వంటకం సుద్దతో రాసి ఉంటుంది, రాత్రి భోజనం కంటే అది చవక, ఒంటరి మనిషికి బల్లా సులువుగా దొరుకుతుంది. మాంసం తినకపోతే ఆ మాట ముందే చెప్పండి, చేప పెట్టి శాకాహారం అనుకునేవాళ్ళు అక్కడ ఉన్నారు.

రేపు మాత్రం ఫ్రెంచి తిండి జోలికి పోవద్దు. మీరున్న గార్ దు నోర్ వెనకనుంచి పది నిమిషాలు నడిస్తే లా షపెల్ వస్తుంది. శ్రీలంక తమిళుల పేట. ఇడ్లీ, దోసె, సాంబారు, అరటాకులు, మల్లెపూలు, చీరల కొట్లు. దగ్గర్లో వినాయకుడి గుడి కూడా ఉంది, ఏటా ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్ మొదట్లోనో రథం తీస్తారు, వీధి నిండా కొబ్బరికాయలు పగలగొడతారు. "పారిస్ వచ్చి దోసె తినాలా" అనే గొంతు ఒకటి లోపల లేస్తుంది చూడండి, ఈ మూడు రోజులూ మిమ్మల్ని పాడుచేసింది ఆ గొంతే. వేడివేడి సాంబారు కడుపులో పడ్డాక ఊరు రంగు మారుతుంది, నామాట నమ్మండి.

దారం కట్టినవాడి గురించి మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. నేను మొదటి నెలలో సెన్ నది ఒడ్డున ఉంగరానికి పడ్డాను. ఒకావిడ నా కాళ్ళ దగ్గర వంగి బంగారు ఉంగరం తీసింది, "మీదేనా?" అంది. కాదన్నాను. "నాకు పట్టదు, మీ అదృష్టం, ఉంచుకోండి" అని నా చేతిలో పెట్టి రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, ఆకలేస్తోంది ఏదైనా ఇవ్వమంది. పది యూరోలిచ్చాను. ఇత్తడి. మా ఆయనకి ఏడాది దాకా చెప్పలేదు. ఇంకా ఉన్నాయి: చెవిటివాళ్ళ పేరు చెప్పి సంతకం అడిగే అట్ట, టవర్ దగ్గర మూడు గిన్నెల కింద బంతి ఆట. ఆ ఆటలో గెలుస్తున్నట్టు కనబడేవాడు కూడా వాళ్ళ మనిషే. మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడకండి, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. సాక్రే కర్‌కి మళ్ళీ వెళ్ళాలనిపిస్తే లమార్క్ కోలెంకూర్ స్టేషన్లో దిగి, కొండకి వెనకవైపునుంచి ఎక్కండి. అటు దారాలవాళ్ళ బెడద ఉండదు, మెట్ల వీధులు ప్రశాంతంగా ఉంటాయి. మోసపోవడం తెలివితక్కువతనం కాదు. వాళ్ళకది రోజూ చేసే పని, మీకు అది మొదటిసారి.

ఒంటరిగా రావడం తప్పా అన్నారు. తప్పు కాదు, కానీ దానికో ఖర్చుంది, అది ముందుగా ఎవరూ చెప్పరు. ఇద్దరు కలిసి వెళ్తే చెడిపోయిన రోజు రాత్రికల్లా జోకైపోతుంది. "వాడు దారం కట్టేటప్పుడు నీ మొహం చూడాలి" అని ఒకరు నవ్వుతారు, అక్కడితో అది కరిగిపోతుంది. ఒక్కరే ఉంటే అది ఎటూ పోదు. గదిలోకి మీతోపాటే వస్తుంది, దుప్పట్లో దూరుతుంది. పైగా ఏ రైలు, ఏ వీధి, ఏ హోటలు, ఇప్పుడు తినాలా తర్వాతా, అన్నీ మీరే తేల్చుకోవాలి. సాయంత్రానికి మెదడు పిండేసినట్టవుతుంది. దాన్ని మనం "ఈ ఊరు నచ్చలేదు" అనుకుంటాం. అందుకే ఈ రాత్రికే ఒక్కరికి నిజం చెప్పండి. అమ్మకి కాకపోతే స్నేహితురాలికి. దారం కథ, బిల్లు కథ నవ్వొచ్చేలా చెప్పండి. "సూపర్" అన్న అబద్ధం మొయ్యడం వల్ల అలసట రెట్టింపైంది మీకు.

డబ్బు గురించి ఒక్క మాట. మూడేళ్ళ పొదుపు కాబట్టి ప్రతి గంటా పిండుకోవాలనిపిస్తుంది. పెళ్ళి భోజనంలో అన్నీ వడ్డించుకుని చివరికి పెరుగన్నం దగ్గర ఆయాసపడే మనిషిలా తయారవుతాం. అయిన ఖర్చు ఎలాగూ అయింది. మిగిలిన నాలుగు రోజులూ రోజుకి ఒక్క పని పెట్టుకోండి. ఒక్కటే.

రేపు గురువారం, అది కలిసొచ్చింది. ఓర్సే మ్యూజియం గురువారం రాత్రి 9:45 దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం 6 తర్వాత టికెట్ కూడా తగ్గుతుంది. పొద్దున హాయిగా పడుకోండి, దోసె తినండి, చీకటి పడ్డాక వెళ్ళండి. అది 1900లో కట్టిన రైల్వే స్టేషన్, ప్లాట్‌ఫారాలు కొత్త రైళ్ళకి పొట్టివైపోయి మూలబడితే 1986లో మ్యూజియం చేశారు. నేరుగా ఐదో అంతస్తుకి వెళ్ళండి. మోనే, రెన్వార్, దెగా బొమ్మలు అక్కడున్నాయి. మొత్తం చూడాలనుకోవద్దు. ఒక గదిలో బెంచీ చూసుకుని, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క బొమ్మ ముందు పావుగంట కూర్చోండి. మధ్యలో ఎవరో అడ్డం వస్తారు, పోతారు. ఒంటరిగా వచ్చినందుకు దొరికే లాభం ఇదే, "ఇంకా ఎంతసేపు?" అని లాగే చెయ్యి ఉండదు.

శుక్రవారానికి నేను చెప్పేది గీమే మ్యూజియం, మెట్రో తొమ్మిదో లైనులో ఇయేనా స్టేషన్ ఎదురుగానే. ఆసియా కళల మ్యూజియం. అక్కడ అమరావతి శిల్పాలున్నాయి. కృష్ణాతీరపు తెల్లరాతి మీద, పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు చెక్కిన నడుములు, తలపాగాలు, గుర్రాలు. నేను మొదటిసారి చూసినప్పుడు, పరాయి ఊళ్ళో అనుకోకుండా మేనమామ ఎదురైనట్టు అనిపించింది. అవి ఇక్కడికెందుకొచ్చాయన్న కోపమూ వచ్చింది, దాచను. రెండూ ఒకేసారి ఉంటాయి, ఉండనివ్వండి. మ్యూజియం ఎదుట నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళ గుంపు అక్కడ మీకు కనబడదు.

బయటికొచ్చి, పక్క స్టేషన్ త్రొకదేరోలో ఆరో లైనుకి మారండి. టవర్ చూడ్డానికి పైకి ఎక్కొద్దు, కిందనే రైలెక్కి ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. పాసీ స్టేషన్ దాటాక రైలు వంతెన మీదకొస్తుంది. సెన్ నది మీద, ఏ ముందస్తు సూచనా లేకుండా, టవర్ మొత్తం కిటికీలోకి వచ్చేస్తుంది. చీకటిపడ్డాక, గంట కొట్టే వేళకి పడితే ఐదు నిమిషాలపాటు ఇరవై వేల దీపాలు తళతళమంటూ కనబడతాయి. బిర్ హకేమ్ వచ్చేసరికి అయిపోతుంది. నాకు అలవాటైపోయిన దారే అయినా, పుస్తకం చదువుకుంటున్న పారిస్‌వాళ్ళు కూడా ఆ వంతెన మీద ఒక్కసారి తలెత్తడం చాలాసార్లు గమనించాను. 1887లో పునాదులు పడుతున్నప్పుడే అది ఊరికి అవమానమని కళాకారులు, రచయితలు పత్రికలో బహిరంగ లేఖ వేశారు. ఇరవై ఏళ్ళకి విప్పేయాలన్న ఒప్పందం మీద కట్టిన టవర్ అది, రేడియో స్తంభంగా పనికొచ్చి బతికిపోయింది. విసుక్కున్నవాళ్ళలో మీరు మొదటివారేమీ కాదు.

శనివారం కావాలంటే ఊరే వదిలి వెళ్ళండి. మోంపర్నాస్ స్టేషన్ నుంచి గంట పైచిలుకు ప్రయాణంలో షార్త్ర్ ఉంది. చిన్న ఊరు, పెద్ద చర్చి, 1194 అగ్నిప్రమాదం తర్వాత మళ్ళీ కట్టింది. లోపల తలెత్తి చూస్తే, పైన కిటికీల అద్దాల్లో నీలం. ఆ నీలం ఫోటోలో పడదు, ప్రయత్నించి చూడండి. పారిస్‌లో ఉండి పారిస్ చూడకుండా ఒక రోజు పోగొట్టుకోవడమా అనిపిస్తే, సరే, మానేయండి. నేనైతే వెళ్తాను.

ఆదివారం అలీగ్ర్ సంత, పొద్దున్నే. పళ్ళవాళ్ళ కేకలు మన రైతుబజారుకి ఏమాత్రం తీసిపోవు. అక్కడికి దగ్గర్లోనే పాత రైలుకట్ట మీద పెంచిన తోట మొదలవుతుంది, నాలుగున్నర కిలోమీటర్ల పైన నడవచ్చు, మొదట కొంత దూరం మేడల రెండో అంతస్తుల ఎత్తున. వానొస్తే 'మరే' అనే పేటలో ఉన్న కార్నవాలే మ్యూజియంలోకి దూరండి, శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. ఏదీ చెయ్యాలనిపించకపోతే లక్సెంబర్గ్ తోటలో ఆకుపచ్చ ఇనపకుర్చీ ఒకటి లాక్కుని కూర్చోండి. శాంజెలీజే వీధిలో మాత్రం నడవొద్దు. పదకొండేళ్ళలో నాకు ఆ వీధి ఎందుకో ఒక్కరోజూ నచ్చలేదు.

ఇవన్నీ చేశాక కూడా పారిస్ నచ్చకపోవచ్చు. మెట్రో సొరంగాల్లో ఉచ్చకంపు నిజం, దొంగలు నిజం, ధరలు నిజం, శీతాకాలపు ఆకాశం తడిగుడ్డలా వేలాడటం నిజం. నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. నాలుగు రోజులు చూసి, తిని, నిద్రపోయి చెప్పండి, ఆ మాట నేను నమ్ముతాను. ఈ రాత్రి చెప్పింది మాత్రం నమ్మను.

సోమవారం వెళ్ళేటప్పుడు మీ హోటల్ పక్కనుంచే ఆర్ ఈ ఆర్ బీ రైలు నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది, 2025లో ధర 13 యూరోలు ఉండేది, మామూలు మెట్రో టికెట్ దానికి చెల్లదు. టికెట్ బయటికొచ్చేదాకా జాగ్రత్తగా ఉంచుకోండి, తనిఖీవాళ్ళకి చూపించలేకపోతే జరిమానా. సామాను బరువైతే టాక్సీకి మీరున్న సెన్ నది కుడి గట్టునుంచి స్థిరమైన ధర, 2025లో 56 యూరోలు ఉండేది, పగలైనా రాత్రైనా అంతే. స్టేషన్ గుమ్మంలో "టాక్సీ, టాక్సీ" అని మీ పెట్టె పట్టుకునేవాళ్ళ వెంట వెళ్ళొద్దు, వరసలో నిలబడి, పైన దీపం ఉన్నదే ఎక్కండి. ఎక్కగానే ఏమనాలో మీకు తెలుసు.